చేప ఉన్నప్పుడు ఎండ లేదు

కల్లంలో ధాన్యం తడిస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తేమ 17 శాతం దాటిందని కొనుగోలు కేంద్రంలో తిప్పి పంపితే బరకాలు పట్టుకుని రోడ్డెక్కినవాళ్లం. అదే వానకు మన తీరంలో తడిసిపోయే పంట ఇంకొకటి ఉంది. అది ఎండుచేప. దాని గురించి మనం ఇన్నాళ్లూ గట్టిగా మాట్లాడలేదు. ఆ తప్పు మనదే.

అంతర్వేది నుంచి ఓడలరేవు మీదుగా బలుసుతిప్ప దాకా చేపలు ఎండబెట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. పెద్ద చేపనైతే చీల్చి, పేగులు తీసి, కడిగి, ఉప్పులో ఊరబెట్టి ఎండలో వేస్తారు. మెత్తళ్లలాంటి చిన్న చేపలు నేరుగా ఎండకే. కరెంటు అక్కర్లేదు, ఐసు అక్కర్లేదు. పచ్చిగా అమ్ముడుపోని చేప పారబోయకుండా నిలబెట్టేది ఈ పనే. పనుల్లేని ముసురు రోజుల్లో కూలీల ఇళ్లలో అన్నంలోకి కూరయ్యేదీ ఈ చేపే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది ఉండాల్సిందే. కానీ ఏడాదిలో గట్టిగా ఎండ కాసేదీ ఆ 61 రోజుల్లోనే. వేట మొదలయ్యేసరికి నైరుతి వానలు, ఆ వెనకే తుపాన్లు. ఎండ ఉన్నప్పుడు చేప లేదు, చేప ఉన్నప్పుడు ఎండ లేదు. మిగిలిన నాలుగు నెలల్నీ ఇప్పుడు అకాల వర్షాలు తినేస్తున్నాయి. రెండు రోజులు ముసురు పట్టిందంటే చేపకు పురుగు పడుతుంది. ఆ సరుకు కోళ్ల మేతకు అడిగిన ధరకే పోతుంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇలాంటి విపత్తులో పడవకు, వలకు సాయం ఇవ్వడానికి నిబంధన ఉంది. చేనేత కార్మికుడి ముడిసరుకుకూ, నేసిన బట్టకూ ఉంది. తడిసిన ఎండుచేపకు మాత్రం లేదు. వేట నిషేధ భృతి కూడా సముద్రం మీదికి వెళ్లేవారికే. ఒడ్డున ఎండబెట్టే ఆడమనిషి ఏ జాబితాలోనూ లేదు. బట్ట నేసినవాడిది శ్రమ అయితే, చేప ఎండబెట్టినామెది శ్రమ కాదా?

ఇసుకలో ఎండబెట్టడం మురికి పద్ధతి, మానేయమని చెప్పేవాళ్లున్నారు. మారాల్సింది ఇసుక, పద్ధతి కాదు. నడుమెత్తు వెదురు బల్లలు కట్టి పైన వల పరిస్తే కిందనుంచీ గాలి ఆడుతుంది, చేప త్వరగా ఆరుతుంది, ఇసుక అంటదు. వాన వస్తే బరకం కప్పుకోవచ్చు. ఉప్పెంత, ఎండెంత అన్నది ఆ ఆడవాళ్ల చేతికి తెలుసు. సోలార్ డ్రయర్లు ఇస్తామంటే సంతోషం. అవి పెద్ద వ్యాపారులకు కాదు, మహిళా సంఘాలకు ఉమ్మడిగా ఇవ్వాలి.

మా డిమాండ్లు ఇవి. చేపలు ఎండబెట్టేవారిని ఊరూరా లెక్కించి గుర్తింపు కార్డులివ్వాలి. ఎండుచేప నష్టాన్ని విపత్తు సాయంలో చేర్చాలి. ప్రతి తీరగ్రామంలో బల్లలు, సిమెంటు చప్టా, నిల్వ షెడ్డు కట్టాలి. అందుకు కావలసిన జాగాను రొయ్యల చెరువులకు పోనివ్వకుండా ఇప్పుడే కేటాయించాలి.

అమలాపురం, రాజోలు, కొత్తపేట సభ్యులకు ఒక మాట. ఈసారి పంటనష్టం రాయడానికి అధికారి వస్తే, మన చేను చూపించి ఊరుకోవద్దు. ఒడ్డుకు కూడా తీసుకెళ్దాం.