అరువు ప్రజాస్వామ్యము

కాబూలు నగరమున మన దేశము కట్టించి యిచ్చిన పార్లమెంటు భవనము కలదు. 2015 డిసెంబరులో మన ప్రధానమంత్రియే దానిని ప్రారంభించిరి. ఆనాడు ఆఫ్ఘనిస్తానమునకు రాజ్యాంగము, ఉభయ సభలు, ఎన్నికల సంఘము అన్నియు నుండెను. ఆరేండ్లైన నిండకమునుపే, 2021 ఆగస్టు 15వ తేదీన, అధ్యక్షుడు దేశము విడిచిపోయెను. తాలిబానులు రాజధానిని పట్టుకొనిరి. భవనము మిగిలినది. అందు కూర్చుండుటకు ప్రజలెన్నుకొన్న సభ లేదు.

ఒక దేశము తన విదేశాంగనీతి ద్వారా మరియొక దేశమున ప్రజాస్వామ్యమును నెలకొల్పగలదా? కలదనువారు జపానును చూపుదురు. యుద్ధానంతరము అమెరికా అధికారులు చిత్తు వ్రాసిన రాజ్యాంగము 1947లో అక్కడ అమలునకు వచ్చి, నేటికిని నిలిచియున్నది. నిజమే. కాని జపానుకు 1890 నుండియే పార్లమెంటు కలదు. 1925లోనే వయోజనులగు పురుషులందరకు ఓటు హక్కు లభించినది. అక్కడ చేను ముందే దున్నబడియుండెను.

ఆఫ్ఘనులకు అట్టి అనుభవము బొత్తిగా లేదనుటయు సరికాదు. 1964లో వారు రాజ్యాంగమును రచించుకొనిరి. 1965లో ఎన్నికలు జరుపుకొనిరి. 1973లో రాజును పదవీచ్యుతుని చేసిన తిరుగుబాటు, అటుపిమ్మట సోవియట్ సేనల ఆక్రమణ, అంతర్యుద్ధము ఆ లేతమొక్కను త్రొక్కివేసినవి. 2001లో అమెరికా సేనలు వచ్చునాటికి ఆ పరంపర తెగిపోయియుండెను.

తెగినదానిని అతుకుట క్రిందినుండి జరుగవలసిన పని. జరిగినది వేరు. 2004 నాటి రాజ్యాంగము రాష్ట్ర గవర్నరులను నియమించు అధికారమును అధ్యక్షునికే కట్టబెట్టెను. జిల్లా సభలకు ఎన్నికలు జరుగవలెనని వ్రాసికొనిరేగాని, అవి ఒక్క పర్యాయమైనను జరుగలేదు. తన కన్నులయెదుట నున్న అధికారిని మార్చుకొనలేని గ్రామస్థునకు రాజధానిలోని ఓటు దేనికి?

అంతకన్న పెద్ద లోపము ధనమునకు సంబంధించినది. ప్రభుత్వ వ్యయమున నాలుగు పాళ్లలో సుమారు మూడు పాళ్లు విదేశీ సహాయమే. పన్ను కట్టినవాడు లెక్క అడుగును. లెక్క అడుగువానికి ప్రభుత్వము భయపడును. ప్రజాస్వామ్యమునకు ప్రాణము ఈ భయమే. పరుల సొమ్ముతో బ్రతుకు ప్రభుత్వము పరులకే జవాబు చెప్పుకొనును. 2014లో ఎన్నికల వివాదమును తీర్చుటకు అమెరికా విదేశాంగమంత్రి కాబూలుకు రావలసివచ్చెను. 2019లో నమోదైన ఓటర్లు 96 లక్షలు కాగా, లెక్కకు వచ్చిన ఓట్లు సుమారు 18 లక్షలే. తుదకు 2020 ఫిబ్రవరిలో, దోహా నగరమున, అమెరికా తాలిబానులతో ఒడంబడిక చేసికొనెను. ఆ ఒడంబడికలో కాబూలు ప్రభుత్వమునకు చోటు లేదు. తాము ప్రతిష్ఠించిన విగ్రహమును తామే గడప వెలుపల నుంచిరి.

అట్లని, ఇరుగుపొరుగుల సంగతి మనకేలయని ఊరకుండవచ్చునా? ఆ యిరువదియేండ్లలో లక్షలాది బాలికలు బడికి పోయిరి. 2021లో ఉన్నత పాఠశాలలు, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయములు వారికి మూయబడినవి. బడిలో జీవితము గడపుచున్న మనము దీనిని పరుల యింటి గొడవ యనజాలము.

చేయదగిన సాయమేదో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. మనము చెప్పగా వ్రాసికొన్న జవాబు పలకమీద నుండును. తానై నేర్చిన పాఠమే తలలో నుండును. సేనలు వెడలిపోవును, నిధులు ఆగిపోవును. చదువుకొన్న మనుష్యులు మాత్రము మిగులుదురు. కాని ఈ విషయమున మనమును తప్పిపోతిమి. మన విశ్వవిద్యాలయములలో చదువుచు స్వదేశమునకు పోయియున్న ఆఫ్ఘను విద్యార్థులు పలువురు, 2021 ఆగస్టులో పాత వీసాలు రద్దగుటచే తిరిగి రాలేకపోయిరి. వారికి భవనము నిచ్చితిమి. తరగతిలో చోటు నీయలేకపోతిమి. ఈ రెంటిలో ప్రజాస్వామ్యమునకు చేరువైనది రెండవదియే యని నా విశ్వాసము.