పనికొచ్చే హాబీ ఎవరి చేతికి?

తక్కువ ఖర్చుతో ఇంట్లోనే చేసుకోదగ్గ హాబీల గురించి మన దగ్గర ఎవరు రాసినా, ఎవరు వీడియో పెట్టినా జాబితా ఇంచుమించు ఒకటే ఉంటుంది. కుట్లు, అల్లికలు, పచ్చళ్లు, వడియాలు, పెరట్లో నాలుగు కూర మొక్కలు, పాత చీరలతో సంచులు. ఇవన్నీ ఎవరికి చెబుతున్నారో విడిగా అడగనక్కరలేదు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకే. సలహా మంచి మనసుతో ఇచ్చిందే, కాని చేరాల్సిన వాళ్లకు చేరలేదని నా అభిప్రాయం. ఇంటికి పనికొచ్చే హాబీలను మగవాళ్లు చేపట్టాలి. ఆడవాళ్లకు కావలసినవి ఇంటికి ఏ విధంగానూ పనికిరాని, వాళ్ల మనసుకు మాత్రమే పనికొచ్చే హాబీలు. ఈ మాట ఎక్కడైనా చెల్లుతుంది గాని, సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో, ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్లలో మరింత గట్టిగా చెల్లుతుంది. ఇక్కడ మగవాళ్ల చేతుల్లో ఇంటికి అక్కరకొచ్చే నైపుణ్యం దండిగా ఉంది. ఆడవాళ్ల చేతుల్లో ఖాళీ అన్నదే లేదు.

ఖాళీ లేదన్నది ఊరికే అంటున్న మాట కాదు. కేంద్ర గణాంకాల శాఖ 2024లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వాటిమీదే గడిపారు. అదే పనుల్లో పాల్గొన్న మగవాళ్లు గడిపింది 88 నిమిషాలు. ఈ లెక్క చేయి వేసినవాళ్ల వరకే. అసలు చేయి వేయని మగవాళ్లు ఆ 88లో లేరు. ఇంటి పనికి రోజులో దాదాపు అయిదు గంటలు ధారపోసే మనిషికి మిగిలిన కాస్త సమయంలో పచ్చళ్లు పట్టడం హాబీగా చేసుకోమంటే, అయిదు గంటల పనిని ఆరు గంటలు చేయమన్నట్టే. పేరు మారినంత మాత్రాన కడగాల్సిన జాడీ తగ్గదు.

ఇంటికి పనికొచ్చే హాబీకి ఒక గుణం ఉంది. ఒకసారి బాగా చేస్తే అది బాధ్యత అయి కూర్చుంటుంది. సరదాగా మొదలుపెట్టిన ఆవకాయ ఇంటిల్లిపాదికీ నచ్చితే మరుసటి వేసవికి అది ఆమె చేయాల్సిన పనుల్లో చేరుతుంది, ఆ పై ఏడాది ఆడబిడ్డ ఇంటికి, మరిది ఇంటికి కూడా పట్టాల్సి వస్తుంది. కుట్టు మిషను దగ్గరా ఇదే వరస. ఇరుగుపొరుగు జాకెట్లు, పిల్లల యూనిఫాం చినుగులు అన్నీ ఆ మిషను మీదికే చేరతాయి. కుట్టడం మాకు నిజంగానే ఇష్టం, వద్దనడానికి మీరెవరు అని ఆడవాళ్లే అడగవచ్చు. అడగాలి కూడా. ఇష్టమైతే కుట్టుకోవాల్సిందే. నేను చూడమంటున్నది ఒక్కటే: ఈ నెల మనసు లేదు, కుట్టను అని చెప్పి మిషను మీద గుడ్డ కప్పేస్తే ఇంట్లో ఎవరి ముఖమూ మారకుండా ఉంటుందా? ఉంటే అది హాబీ. మారితే అది పని. ఇక ఆ కుట్టుతో నాలుగు డబ్బులు సంపాదించుకునేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. అది ఉపాధి. దానికి గిట్టుబాటు ధర, పని వేళలు, మిషను పెట్టుకోవడానికి వెలుతురున్న చోటు కావాలి. ఉపాధిని హాబీ అని పిలిచిన చోట, పక్కింటివాళ్లు జాకెట్ కుట్టించుకుని డబ్బులు రేపిస్తామనడం కూడా మామూలైపోతుంది.

ఇప్పుడు మగవాళ్ల వైపు చూద్దాం. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ నుంచి పటాన్‌చెరు, పాశమైలారం మీదుగా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం దాకా పరుచుకున్న ఈ ప్రాంతంలో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, టర్నర్లు, బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లు ఎంతోమంది. లక్షల రూపాయల యంత్రాన్ని నడిపించే చేయి ఇంట్లో కారుతున్న కుళాయికి వాషర్ మార్చదు. చాతకాక కాదు. అది తన సమయానికి తగిన వ్యాపకమని అతనికి ఎవరూ చెప్పలేదు. సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే చాలాసార్లు కెపాసిటర్ బలహీనపడినట్టే. మెయిన్ ఆపేసి, పని తెలిసినవాడు మార్చితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, వస్తువు ఖరీదూ స్వల్పమే. మిక్సీ వైరు, కుక్కర్ హ్యాండిల్, ఊగిపోతున్న కుర్చీ కాలు, పిల్లల సైకిల్ చైను, తలుపు బందులు, ఇలా ఇంట్లో వెతికితే నెలకు సరిపడా సరంజామా దొరుకుతుంది. ఫ్యాక్టరీలో చేసిన పని ఏ పెట్టెలో పడి ఏ ఊరు పోతుందో తెలియదు. ఇంట్లో బాగుచేసిన ఫ్యాను అదే రాత్రి అతని మీదే తిరుగుతుంది. పనిలో తన చేతి ఫలితాన్ని తాను చూడలేని మనిషికి ఇది చిన్న విషయం కాదు.

కూర మొక్కలదీ అంతే. మిద్దెతోట అన్న మాటను తెలుగువాళ్లలో బాగా ప్రచారం చేసినవారు కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి. హైదరాబాద్ శివారు నారపల్లిలో సొంత ఇంటి మీద తోట పెంచి చూపించారు. అంత తోట అందరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. అద్దె గది ముందు రెండు బారల వరండా, రోజుకు నాలుగైదు గంటల ఎండ ఉంటే ఆకుకూరలకు చాలు. విత్తనాలకు దుకాణం దాకా పోనక్కరలేదు. వంటింటి డబ్బాలోని మెంతులు చల్లితే మూడు, నాలుగు వారాల్లో కూర కోయవచ్చు. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి చల్లితే కొత్తిమీర వస్తుంది. సంతలో కొన్న పుదీనా, బచ్చలి ఆకులు దూసుకుని కాడలు గుచ్చినా బతుకుతాయి. పుంటికూర, తోటకూర గింజలు ఊళ్లో ఎవరింట్లోనైనా దొరుకుతాయి. అయితే ఈ ప్రాంతంలో తేలిగ్గా తీసుకోకూడని అభ్యంతరం ఒకటుంది, మన్నూ నీళ్లూ. నక్కవాగులో ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసి, కింది ఊళ్ల పొలాలు పాడై, ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయిన చరిత్ర పటాన్‌చెరుది. కాబట్టి ఎక్కడ పడితే అక్కడి మన్ను తేకూడదు. రోడ్డు పక్క, కాలువ పక్క, ఫ్యాక్టరీ గోడ పక్క మట్టి అసలే వద్దు. వాసన, రంగు తేడాగా ఉన్న బోరు నీళ్లు పోయకూడదు. ఇంట్లో తాగే కుళాయి నీళ్లే పోయాలి, బియ్యం కడిగిన నీళ్లు పోసినా మేలే. అన్నిటికంటే ముఖ్యం, కెమికల్స్ వచ్చిన ప్లాస్టిక్ డ్రమ్ములను కోసి కుండీలు చేయవద్దు. చవకగా దొరుకుతాయని, గట్టిగా ఉంటాయని ఆశపడేది వాటికే. ఎన్నిసార్లు కడిగినా లోపల ఏం మిగిలిందో మన కంటికి కనపడదు. వంట నూనె డబ్బా, బియ్యం బస్తా, అడుగున రంధ్రాలు పెట్టిన పాత బకెట్ సరిపోతాయి. కెమికల్ ప్లాంటులో పనిచేసేవాడికి ఈ జాగ్రత్తల విలువ వేరేవాళ్లు చెప్పాల్సిన పని లేదు. ఏ డ్రమ్ములో ఏం వస్తుందో అతనికే బాగా తెలుసు. ఈ హాబీ అతని చేతిలోనే ఉండాలనడానికి ఇదీ ఒక కారణం.

వంట పేరు ఎత్తగానే మగవాళ్లు ఆదివారం బిర్యానీ దగ్గర ఆగిపోతారు. దినుసులన్నీ ఎవరో తరిగి పెట్టాలి, గిన్నెలన్నీ ఎవరో కడగాలి. దానికంటే జొన్నరొట్టె నేర్చుకోవడం మేలు. జొన్న ఈ జిల్లా పంట. 1972లో పటాన్‌చెరులో మొదలైన ఇక్రిశాట్ పరిశోధనలకు ఎంచుకున్న అయిదు ప్రధాన పంటల్లో అదొకటి. జొన్నపిండికి గోధుమపిండికున్న సాగుడు గుణం లేదు. వేడి నీళ్లు పోసి కలిపితేనే పిండి కట్టుబడుతుంది, అరచేత్తో ఎంత మర్దిస్తే అంచులు అంత పగలకుండా వస్తాయి. చేత్తో తడుతూ పలచగా, గుండ్రంగా తిప్పడం వారాల సాధన. లేత్ మిషను మీద మిల్లీమీటరులో పదో వంతు తేడాను పట్టే చేతికి ఇది సవాలే. ఖర్చు గుప్పెడు పిండి. చెడిపోయిన రొట్టె కూడా పప్పులో అద్దుకుని తినేదే.

ఎనిమిది గంటల డ్యూటీ, మీద ఓవర్‌టైం, రాకపోకలు అయ్యాక మనిషిలో ఇంకేం మిగులుతుందని అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే వారానికి 48 గంటలకు మించవద్దని చెప్పినా, ఓవర్‌టైం లేకపోతే ఇల్లు గడవని కాంట్రాక్ట్ కార్మికుడికి ఆ అంకె కాగితం మీదిదే. పని గంటలు తగ్గాలన్న పోరాటానికి హాబీలు బదులు కాజాలవు. ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కాని ఆ అలసట ఒక్క మగవాడిదేనా? అదే బస్సులో మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్ నుంచి ఇంటికొచ్చే ఆడమనిషి చెప్పులు విడిచి నేరుగా పొయ్యి దగ్గరికి పోతున్నది. అలసిన ఇద్దరిలో ఒకరికి ఫోను, ఒకరికి వంట అన్న పంపకాన్ని అలసట సమర్థించలేదు. పైగా నేను చెబుతున్న పనులకు గంటలు పట్టవు. ఫోను మీద వేలు జరుపుతూ పోయే అరగంటలో సగం చాలు.

ముందు చెప్పిన సర్వేలోనే నా వాదానికి ఎదురు నిలిచే అంకె ఇంకోటి ఉంది. వినోదం, విశ్రాంతి, టీవీ, ఆటల వంటి వాటిమీద మగవాళ్లు రోజుకు 177 నిమిషాలు గడిపితే ఆడవాళ్లు 164 నిమిషాలు గడిపారు. తేడా 13 నిమిషాలే కదా, ఆడవాళ్లకు తీరిక లేదని ఎలా అంటారని అడగవచ్చు. నిమిషాల మొత్తం ఆ నిమిషాల తీరును చెప్పదు. కుక్కర్ కూతల్ని లెక్కపెడుతూ, పిల్లాడి హోంవర్క్‌కు జవాబిస్తూ చూసిన సీరియల్, తలుపు వేసుకుని చదువుకున్న పుస్తకం ఒక్కటి కావు. ఆడవాళ్లకు లేనిది ఎవరూ పిలవని అరగంట. ఇంటికి పనికొచ్చే వ్యాపకం ఏదీ ఆ అరగంటను కాపాడలేదు, ఎందుకంటే దాని ఫలితం మీద ఇంటికి హక్కుంటుంది. నవల చదివితే, కూనిరాగం తీస్తే, చదరంగం ఆడితే వండి వడ్డించడానికి ఏమీ రాదు. అందుకే అవి ఆమెవిగా మిగులుతాయి.

ఈ గడ్డకు ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1930లో ఇదే జిల్లాలోని జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దాంతోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది. ఆడవాళ్ల చదువు కోసం సభ పెట్టి మాట్లాడిన నేల మీద దాదాపు వందేళ్లకు కూడా పుస్తకం పట్టుకుని కూర్చున్న ఆడమనిషిని పని లేదా అని అడుగుతున్నాం. పుస్తకాలకు డబ్బెక్కడిదనే ప్రశ్న అవసరం లేదు. ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం ఎప్పటినుంచో కడుతూనే ఉన్నాం. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి సంగారెడ్డి గ్రంథాలయానికి వెళ్లి పుస్తకం తెచ్చుకోవడానికి చార్జీ ఖర్చు కూడా పోయింది. పుస్తకం మీద మనసు పోనివాళ్లకు పిట్టలున్నాయి. పాలపిట్టను దసరా నాడే ఎందుకు వెతకాలి? కరెంటు తీగ మీద అది ఏడాదిలో చాలా రోజులు కనబడుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మంజీరా ఈ చుట్టుపక్కలదే కాబట్టి కొంగలు, నీటి పక్షులు ఊళ్ల మీదుగా ఎగురుతూనే ఉంటాయి. పిట్ట కూతను విని పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్ ఉచితం. ఏటా ఫిబ్రవరిలో ప్రపంచమంతటా జరిగే పెరటి పక్షుల లెక్కింపులో పదిహేను నిమిషాలు చూసి రాసి పంపినా లెక్కలోకి వస్తుంది. పదిహేను నిమిషాలు మేడ మీద నిలబడి పిట్టల్ని చూసిన ఇల్లాలు ఇంటికి తెచ్చిపెట్టేది ఏమీ ఉండదు. అదే దాని గొప్ప.

ఇక మగవాళ్లు మొక్కలు పెట్టాక అసలు పరీక్ష నైట్ షిఫ్ట్ వారంలో వస్తుంది. పగలు నిద్రపోతాడు, ఎండకు కుండీలు వాడతాయి, చూడలేక భార్య నీళ్లు పోస్తుంది. నెల తిరిగేసరికి తోట ఆమెది అవుతుంది, మెచ్చుకోళ్లు అతనివి అవుతాయి. అందుకే తోట ఎంత పెద్దదన్నది వరండా కొలతను బట్టి కాక, అతని షిఫ్టును బట్టి తేల్చుకోవాలి. డ్యూటీ నుంచి వచ్చాక పడుకోబోయే ముందు తానే నీళ్లు పోయగలిగినన్ని కుండీలే పెట్టాలి. అవి మూడే అయితే మూడే. రొట్టె చేసిన పెనం, రిపేరు చేసిన బల్ల మీది మరలు, మట్టి పడిన వరండా కూడా అతనే శుభ్రం చేసుకోవాలి. ఊరికి పోవాల్సి వస్తే నీళ్లు పోయమని భార్యను అడగవచ్చు, ఆమె కుదరదు అనవచ్చు కూడా. అప్పుడు పక్కింటి అన్ననో, ఎదురింటి తమ్మినో అడగాలి. వాళ్లూ ఒక డబ్బాలో మెంతులు చల్లి ఉంటే మరీ మంచిది, రేపు వాళ్లు ఊరికి పోయినప్పుడు ఇతను పోస్తాడు.