రెండు ఆటల మేటి

ఒక్క ఆటనే పట్టుకొనినగాని నైపుణ్యము కుదురదని కొందఱు తలిదండ్రులు చెప్పుచుందురు. ఇది పూర్తిగా సత్యము కాదు.

మద్రాసులో 1896వ సంవత్సరమున తెలుగు కుటుంబమునందు జన్మించి, కేంబ్రిడ్జిలో చదివిన కోటా రామస్వామిగారు 1922లో డేవిస్ కప్పు టెన్నిసు పోటీలలో భారతదేశ పక్షమున ఆడిరి. పిమ్మట 1936లో, నలువది యేండ్ల ప్రాయమున, మాంచెస్టరులో తమ మొదటి క్రికెట్టు టెస్టు ఆడి 40, 60 పరుగులు తీసిరి. బంతిని కనిపెట్టు కన్నును, వడిగల పాదమును, ఓటమిని ఓర్చు మనస్సును రెండాటలకును కావలసినవే. ఒకదానియందు అలవడినది రెండవదానియందు వ్యర్థము కాదు.

కావున, వరంగల్లు తలిదండ్రులారా, ఎదుగు బిడ్డలను ఒక్క ఆటకే కట్టివేయకుడి. పరీక్షల పేరిట మైదానమునకు దూరము చేయకుడి. దేవుడు రెండు తలాంతు లిచ్చినచోట ఒకదానిని మనమే మంటిలో పాతిపెట్టుట న్యాయమా?