జారాలి, జారకూడదు!

నార్వేలో పిల్లలు స్కీలనే పొడవాటి పలకలు కాళ్ళకు తగిలించుకొని మంచుమీద సాగిపోతారు. కాలు నొక్కినప్పుడు స్కీ మంచును పట్టుకోవాలి, వదిలితే జారాలి! అందుకే దాని నడుము విల్లులా కాస్త పైకి వంగి ఉంటుంది; గట్టిగా నొక్కితేనే అక్కడ పూసిన మైనం మంచుకు తగులుతుంది. గాలి ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెంటీగ్రేడు దాటి మంచు తడిస్తే గట్టి మైనం పట్టదు. అప్పుడు జిగటగా ఉండే క్లిస్టర్‌ను పాదం కింది భాగానికే పలుచగా పూయాలి. చేతికంటితే ఓ పట్టాన వదలదు సుమా!

ఈ పని పెద్దలే చేసిపెట్టడం నాకు నచ్చదు. ఘర్షణ అంటే ఏమిటో పిల్లల వేళ్ళకే తెలియాలి. మరీ చిన్నవాళ్ళకు అడుగున పొలుసులున్న స్కీలు చాలు. వేగం కోసం పూసే ఫ్లోరిన్ మైనాలు మాత్రం వద్దు. అవి నేలలో, నీటిలో ఏళ్ళ తరబడి నశించవు. అంతర్జాతీయ పోటీల్లోనే 2023-24 నుంచి నిషేధించారు. సాధన ముగిశాక క్లిస్టర్ గీకి తుడవడమూ పిల్లల పనే.