గెలుపునకే లెక్కయా?

జూదమాడువాడు గెలిచిన దినమున ఊరెల్ల చాటుకొనును; ఓడిన దినమున కట్టుకొన్న ఇల్లాలికైనను చెప్పడు. కావుననే జూదమున పోయిన ధనమునకు ఏ యింటను సరియైన లెక్క యుండదు. ఇది మానవస్వభావమునందలి దౌర్బల్యము. కాని మన ఆదాయపు పన్ను శాసనము సైతము జూదరివలెనే గెలుపును మాత్రము చూచి ఓటమిని చూడకుండుట ఆలోచింపదగిన విషయము. దీనివలన చిక్కులపాలగువారు కోటీశ్వరులు కారు. నెలజీతముపై బ్రతుకు మధ్యతరగతి గృహస్థులును, ఉద్యోగములు వెదకుకొను యువకులును. అందుచేత ఈ విషయమై పాఠకులకు కొన్ని మాటలు విన్నవింపవలసి వచ్చినది.

కొంతకాలము క్రిందట ఒక యువకుడు తండ్రిని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చెను. చేతిలో ఆదాయపు పన్ను శాఖవారి నోటీసు. 2022 వ సంవత్సరమున చేతి ఫోనుపై పేకాట ఆడి, వేర్వేరు ఆటలలో మొత్తముమీద 4 లక్షల రూపాయలు గెలిచినాడు. 5 లక్షల 20 వేలు ఓడినాడు. తనకు లక్షా ఇరువదివేలు నష్టమే గదాయని తలచి, రిటర్నులో ఒక్క అక్షరమైనను వ్రాయలేదు. గెలిచిన 4 లక్షలపై నూటికి 30 వంతున పన్నును, దానిపై నూటికి 4 వంతున సెస్సును కలిసి 1,24,800 రూపాయలు అతడు ఈయవలసినది. పెద్ద గెలుపులలో ముందే పట్టుకొన్న పన్ను పోగా మిగిలినది వడ్డీతో చెల్లింపుమని నోటీసు. “అయ్యా, వానికి పోయినదానికి లెక్క లేదా?” అని ఆ తండ్రి అడిగెను. చట్టప్రకారము లేదని చెప్పుటకు మాకు నోరు రాలేదు. కాని చెప్పక తప్పినది కాదు.

చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొందము. లాటరీలు, గుఱ్ఱపు పందెములు, పేకాట, ఏ రూపముననైన జూదము, వీనిలో గెలిచిన ధనము ఆదాయముగా పరిగణింపబడును. దానిపై పన్ను నూటికి 30. తక్కిన ఆదాయమునకు గల కనీస మినహాయింపు దీనికి వర్తింపదు. ఏడాదికి లక్ష రూపాయలు మాత్రమే సంపాదించు బీదవాడైనను లాటరీలో గెలిచిన మొత్తముపై ముప్పదివంతు ఈయవలసినదే. గెలుపుకొఱకు చేసిన వ్యయము తగ్గింపరు. ఇరువది ఏండ్లు వారము వారము టిక్కెట్లు కొని ఒక్కమాఱు గెలిచినవానికి ఆ ఇరువది ఏండ్ల టిక్కెట్ల వెల లెక్కకు రాదు. ఓటమిని జీతములోనుండిగాని వ్యాపారలాభములోనుండిగాని తీసివేయరాదు. మఱుసటి యేటికిని మోసికొనిపోరాదు. 1961 నాటి చట్టము స్థానమున 2026 ఏప్రిల్ 1 నుండి 2025 నాటి నూతన చట్టము వర్తించునట్లు ఏర్పఱుపబడినది. సెక్షనుల అంకెలు మారినవి గాని న్యాయము మారలేదు.

ఇందొక విశేషము కలదు. పందెపు గుఱ్ఱములను పెంచు యజమానికి మాత్రము వాని పోషణలో వచ్చిన నష్టమును నాలుగేండ్లవఱకు మోసికొనిపోయి, గుఱ్ఱములవలన వచ్చు ఆదాయమునుండి తీసివేసికొను హక్కు కలదు. గుఱ్ఱము గలవాని నష్టము నష్టమే. ఆ గుఱ్ఱముపై పది రూపాయలు కాచినవాని నష్టము నష్టము కాదు!

ఈ కాఠిన్యమునకు చరిత్రయు లేకపోలేదు. 1972 కు పూర్వము ఇట్టి గెలుపులపై ఈ విధమైన పన్ను లేకుండెను. అందువలన దొంగ లెక్కల ధనము గలవారు గుఱ్ఱపు పందెముల మైదానములకు పోయి, నిజముగా గెలిచినవారియొద్ద గెలుపు టిక్కెట్లను కొని, తమ నల్లధనమును తెల్లగా చేసికొనుట కవకాశ ముండెను. బెంగుళూరు, మద్రాసు, హైదరాబాదు మైదానములలో వరుసగా పెద్ద పందెములు గెలిచితిమని చెప్పుకొన్న ఒకరి వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1995 లో ఆ వాదమును త్రోసివేసినది. మానవులకు సంభవింపదగిన దేదియో, సంభవింపని దేదియో యోచించి సత్యమును నిర్ణయింపవలయునని న్యాయమూర్తులు చెప్పిరి. కావున శాసనకర్తలు జూదరి మాటను నమ్ముటకు జంకుట సహజమే. ఓటమిని తీసివేయుట కనుమతించినచో, మైదానమున నేలపై పడియున్న ఓటమి టిక్కెట్లను ఏరుకొని వచ్చువారు లేకపోరు.

అయినను న్యాయశాస్త్రమున మఱియొక వింత యున్నది. దేశపు సరిహద్దు దాటించి దొంగ బంగారము తెచ్చు వ్యాపారము చేసిన ఒకని సొమ్మును ప్రభుత్వము స్వాధీనపఱచుకొనగా, ఆ నష్టమును అతని వ్యాపార లాభమునుండి తీసివేయవలసినదే యని 1980 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. లాభముపై పన్ను వేసినప్పుడు నష్టమును కూడ చూడవలయునను సూత్రమే ఆ తీర్పునకు ఆధారము. తరువాత 1998 లో చట్టవిరుద్ధమైన పనులకై చేసిన వ్యయమును అంగీకరింపరాదని పార్లమెంటు శాసించినది. కాని సూత్రము స్పష్టముగనే యున్నది. దొంగ బంగారపు వ్యాపారికి వర్తించిన న్యాయము లాటరీ టిక్కెట్టు కొనిన కూలివానికి వర్తింపకుండుట సబబా?

ఇతర దేశములు ఈ చిక్కును తమ తమ మార్గముల తీర్చుకొన్నవి. ఇంగ్లండున గుఱ్ఱపు పందెములతోనే జీవనము గడుపువాని గెలుపు పన్నునకు లోబడు ఆదాయము కాదని 1925 లో అచటి న్యాయస్థానము నిర్ణయించినది. ఆడువానికి గెలుపుపై పన్ను లేదు, ఓటమికి తగ్గింపును లేదు. ఆట నడపువాడే పన్ను చెల్లించును. అమెరికాలో గెలుపు సర్వము చూపవలయును. ఓటమిని గెలుపు మేరకు తీసివేసికొనవచ్చునని 1934 నుండి శాసనము కలదు. కాని 2025 జూలైలో చేసిన శాసనము ప్రకారము 2026 నుండి ఓటమిలో నూటికి 90 వంతులే తీసివేయవలయును. లక్ష డాలర్లు గెలిచి లక్ష డాలర్లు ఓడినవాడు, చేత చిల్లిగవ్వ మిగులకున్నను, పదివేల డాలర్లపై పన్ను కట్టవలయు నన్నమాట. అచట నివసించు మన తెలుగువారు సరదాకు కాసినోలకు పోవువారు కలరు. ఈ మార్పును వారు గమనింతురు గాక.

మన దేశముననే 2023 ఏప్రిల్ 1 నుండి ఫోనులపై ఆడు ఆటల విషయమున న్యాయమునకు ఒక అడుగు పడినది. ఒక సంవత్సరమున ఒక సంస్థనుండి తిరిగి తీసికొనిన ధనములోనుండి, ఆటగాడు చెల్లించిన ధనమును, సంవత్సరారంభమున ఖాతాలో నున్న నిలువను తీసివేయగా మిగిలిన నికర గెలుపుపైననే ముప్పదివంతు పన్ను పట్టవలయునని నిర్ణయించిరి. మా యొద్దకు వచ్చిన యువకుడు మఱుసటి యేడు ఒకే సంస్థయందు ఆడి అట్లే ఓడియుండినచో పన్నే యుండెడిది కాదు. కాని ఆ యేటనే అక్టోబరు 1 నుండి పందెమునకు చెల్లించిన పూర్తి ధనముపై నూటికి 28 వంతు వస్తుసేవల పన్ను విధించిరి; 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 అయినది. ఇంతలో 2025 ఆగస్టున, నేర్పుతో కూడినదైనను అదృష్టముతో కూడినదైనను, ధనము నొడ్డి ఫోనుపై ఆడు ఆటల నన్నిటిని నిషేధించుచు పార్లమెంటు చట్టము చేసినది. తెలంగాణము 2017 లోను, ఆంధ్రప్రదేశము 2020 లోను అంతకు ముందే ఈ మార్గమున నడచినవి. ఫలితమేమనగా, నికర గెలుపను న్యాయమును ఏ ఆటకు ఒసగిరో ఆ ఆట నిషిద్ధమైనది. లాటరీకిని గుఱ్ఱపు పందెమునకును పాత అన్యాయమే మిగిలినది.

మా అభిప్రాయము స్పష్టముగా చెప్పుదుము. జూదపు నష్టమును జీతమునుండియో వ్యాపారమునుండియో తీసివేయుటకు ఎన్నడును అనుమతింపరాదు. అట్లు చేసినచో ఒకని వ్యసనమునకు దేశపు బొక్కసము సగము వెల నిచ్చినట్లగును. కాని ఒకే సంవత్సరమున, ఒకే విధమైన పందెమునందలి ఓటమిని, బ్యాంకు ఖాతాలచేతను సంస్థల లెక్కలచేతను రుజువైనంత మేరకు, ఆ గెలుపునుండియే తీసివేయనిచ్చుట న్యాయము. నగదు టిక్కెట్లను లెక్కింపనక్కఱలేదు. రెండవది, రిటర్నులో ఓటమిని చూపుటకు ఒక గడి యుంచవలయును. తగ్గింపు లేకపోయినను లెక్క యుండవలయును. ఈ దేశమున జూదముపాలగు ధనమెంతయో నేడు ప్రభుత్వమునకే తెలియదు. తెలియని రోగమునకు చికిత్స ఎట్లు? మూడవది, ఈ పన్నువలన వచ్చిన రాబడిని వేఱుగా చూపి, అప్పులపాలైన కుటుంబముల రక్షణకును, వ్యసనమునుండి మరలించు వైద్యమునకును వినియోగింపవలయును.

ప్రభుత్వము జూదమున భాగస్వామి యగుట క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడు గెలిచినవానియొద్ద నూటికి ఐదు గైకొనవలయునని యున్నది. నేటి భాగము ముప్పది. భాగము పెరిగినకొలది జూదమును మాన్పించు ఇచ్ఛ తగ్గునేమోయని మా భయము. ఈ విషయమున మన పూర్వులు ఒక మార్గము చూపియున్నారు. 1937 లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించి, మఱుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసినది. కల్లు సారాల రాబడి పోగా, 1939 లో అమ్మకపు పన్నును విధించి లోటు పూడ్చుకొనజూచినది. పాపపు రాబడిని వదలుకొనుటకు ధైర్యము గల ప్రభుత్వము మఱియొక రాబడిని వెదకుకొనగలదని అది నిరూపించినది.

కడపట పాఠకులతో ఒక మాట. చట్టము మారువఱకు ఉన్న చట్టమును పాటింపక తప్పదు. పదివేలకు లోపలి గెలుపుపై ముందుగా పన్ను పట్టకపోవచ్చును. అంతమాత్రమున అది పన్నుకు దూరమైనది కాదు. మీ పేర ఎవరు ఎంత పన్ను పట్టినదియు శాఖవారి వార్షిక పట్టికలో చేరియే యుండును; రిటర్ను వ్రాయుటకు ముందు దానిని చూచుకొనుడు. తక్కువగా చూపినచో తప్పిన పన్నులో సగము, తెలిసి తప్పుగా చూపినచో దానికి రెట్టింపు అపరాధము పడును. సంక్రాంతినాడు గోదావరీతీరపు బరులలో కోళ్ల కాళ్లకు కత్తులు గట్టి చేతులు మార్చుకొను నగదునకు ఏ పట్టికయు లేదు. అది 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునకును, 1974 నాటి జూద నిషేధ చట్టమునకును విరుద్ధము. అయినను అచట గెలిచినదియు చట్టము దృష్టిలో ఆదాయమే. పట్టిక లేనంతమాత్రమున ఋణము లేకపోదు.

ఆ యువకుని తండ్రి తన పొలములో అర ఎకరము అమ్మి పన్ను చెల్లించెను. రసీదు తీసికొని పోవుచు, “పన్ను సంగతి అటుండనిండు. పోయిన అయిదు లక్షలను వాడు నాకు ముందే చెప్పియుండిన చాలును” అనెను. ప్రభుత్వము లెక్కింపని ఓటమిని మనమైనను మన ఇండ్లలో లెక్కింతము. ఓటమిని దాచుకొను ఇంట జూదము నిలుచును. ఓటమిని వ్రాసి చూపు ఇంట నిలువజాలదు.