పిల్లల గురకను గాఢనిద్ర అనుకోవద్దు

పిల్లాడు గురక పెడుతుంటే 'పగలంతా ఆడి అలిసిపోయాడు, ఒళ్లెరక్కుండా పడుకున్నాడు' అని మురిసిపోయే ఇళ్లు మనకు ఎక్కువే. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక రావడం మామూలే. జలుబు లేకపోయినా వారంలో మూడు నాలుగు రాత్రులు వినిపిస్తోందంటే మాత్రం కాసేపు పక్కన కూర్చుని చూడాలి.

నోరు తెరిచి, మెడ వెనక్కి వాల్చి పడుకుంటాడు. గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఛాతీ, పొట్ట ఎగిసిపడుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. కొన్ని క్షణాలకు ఉలిక్కిపడి, ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని పక్కకు దొర్లుతాడు. కొందరు పక్క కూడా తడుపుతారు. 2 నుంచి 8 ఏళ్ల వయసులో గొంతు దారి చిన్నది; టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ దానికి మించి పెరుగుతాయి. నిద్రలో కండరాలు సడలగానే ఆ ఇరుకు దారి మూసుకుపోతుంది. ఎలర్జీ, ఊబకాయం తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. డాక్టర్లు స్లీప్ ఆప్నియా అనే ఈ సమస్య నూటికి ఒకరి నుంచి ఐదుగురు పిల్లల్లో ఉంటుందని అంచనా.

రాత్రి నిద్ర ఇలా ముక్కలైతే పెద్దవాళ్లు పగలు కునికిపాట్లు పడతారు. పిల్లలు చాలామంది అల్లరి పెంచుతారు! కుదురుగా కూర్చోరు, చిన్నమాటకే ఏడుస్తారు, తిరగబడతారు, చెప్పింది బుర్రకెక్కదు. బడిలో 'మొద్దు', 'కోతి' అన్న పేర్లు కొందరికి ఇలాగే వస్తాయి.

1889లోనే విలియం హిల్ అనే బ్రిటన్ వైద్యుడు, చదువులో వెనకబడే పిల్లల్లో కొందరికి ముక్కు, గొంతుల్లోని అడ్డంకే కారణమని రాశాడు. పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1998లో అమెరికాలో డేవిడ్ గోజల్ ఒకటో తరగతి చదువులో అట్టడుగున ఉన్న 297 మందిని పరీక్షిస్తే 54 మందికి నిద్రలో శ్వాస ఇబ్బంది ఉన్నట్టు తేలింది. వారిలో టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయించుకున్న 24 మంది మరుసటి ఏడాది చదువులో మెరుగుపడ్డారు. చికిత్స వద్దనుకున్నవారు ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు.

అలాగని ఆపరేషన్ చేయిస్తే ర్యాంకు వస్తుందనుకునే తల్లిదండ్రులకు 2013 నాటి అధ్యయనం ఒకటి చెప్పాలి. స్లీప్ ఆప్నియా ఉన్న 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందిని తీసుకుని, సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగతావారిని ఏడు నెలలు ఆగి చూశారు. ఏకాగ్రత పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రవర్తన, నిద్ర మాత్రం ఆపరేషన్ అయినవారిలో బాగా మెరుగుపడ్డాయి. వారిలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష ఫలితం మామూలు స్థితికి వచ్చింది. ఆగి చూసినవారిలోనూ 46 శాతం మందికి వచ్చింది. కాబట్టి మార్కుల కోసం కత్తి పట్టించడం తప్పు, తీవ్రంగా ఉన్నా చికిత్స వాయిదా వేయడం అంతకంటే తప్పు.

అంగన్‌వాడీలు, సర్కారు బడుల్లో 2013 నుంచి సాగుతున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 30 రకాల ఆరోగ్య సమస్యలను వెతుకుతుంది. ఆ జాబితాలో ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య) ఉంది, అభ్యసన లోపం ఉంది. నిద్రలో శ్వాస ఇబ్బంది లేదు. పిల్లాడికి అలాంటి ముద్ర వేసే ముందు 'రాత్రి గురక పెడతాడా?' అని తల్లిని అడగడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్నను జాబితాలో చేర్చాలి.

ఈలోగా తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది. పిల్లాడు నిద్రపోయాక ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీసి, ఈఎన్‌టీ డాక్టరుకో పిల్లల డాక్టరుకో చూపించండి.