ఛానల్ మార్చింది ఎవరు?

గత రమజాన్ మాసంలో మా ఇంట జరిగిన ఒక చిన్న సంఘటనను గూర్చి వ్రాయాలా, వద్దా అని చాలాకాలం తటపటాయించాము. అందులో తప్పు మాదే కావడం ఆ తటపటాయింపునకు కారణం.

మా అమ్మగారికి ఎనభై దాటాయి. మోకాళ్ళు సహకరించవు. అస్ర్ నమాజు ముగించి, ఇఫ్తార్ వేళ వరకు మక్కా ప్రత్యక్ష ప్రసారాన్ని చూస్తూ తస్బీహ్ చదువుకోవడం ఆమెకు అలవాటు. ఆ మాసం రెండో వారంలో, సరిగ్గా ఆ వేళకే తెర నల్లబడసాగింది. ఒక నిమిషం గడిచాక కాబా దృశ్యానికి బదులు ఏదో సినిమా ఛానలులో పాటలు, నృత్యాలు. ఆమె తల దించుకొని "లాహౌల" చదివేవారు. పక్కన కూర్చున్నది మా తొమ్మిదేళ్ళ మనవడు. రిమోట్ వాడి చేతికి అందేంత దూరంలో ఉండేది. ఇంకేమి సాక్ష్యం కావాలి? మొదటిరోజు మందలించాము. రెండోరోజు వాడు "నేను కాదు దాదా" అంటే, అబద్ధం కూడా ఆడుతున్నాడని కోపం వచ్చింది. మూడోరోజు వాడిని ఆ గదిలోకి రానివ్వలేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్న వాళ్ళము. పిల్లల ముఖం చూసి నిజానిజాలు పసిగట్టగలమని మాకు కొంత గర్వం కూడా ఉండేది.

వాడిని బయట ఉంచిన ఆ మూడోరోజు కూడా తెర నల్లబడింది. రిమోట్ మా జేబులోనే ఉంది.

ఇరుగుపొరుగు వారిని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. ఎక్కువమంది విమానాలను నిందించారు. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి మా షంషాబాదుకు తరలివచ్చింది మొదలు, ఇక్కడ ఏది చెడినా నింద దానికే పోతున్నది. ఈ నమ్మకానికి మూలం లేకపోలేదు. ఇంటిమీద యాంటెన్నా ఉన్న రోజుల్లో, రసూల్‌పురాలోని మా బంధువుల ఇంట, బేగంపేటకు దిగే విమానం నెత్తిమీదుగా పోతే దూరదర్శన్ బొమ్మ వణికేది. విమానపు లోహ శరీరానికి తగిలి వెనుదిరిగిన తరంగం అసలు తరంగంతో కలిసి బొమ్మను చెదరగొట్టేది. ఇప్పుడు సంకేతం వచ్చేది తీగలో. విమానం దానిని తాకదు. ఇక 5జీ స్తంభాల సంగతి: రన్‌వే కొసల నుంచి 2.1 కిలోమీటర్ల లోపల, మధ్యరేఖ నుంచి 910 మీటర్ల లోపల 3300–3670 మెగాహెర్ట్జ్‌లో వాటిని నెలకొల్పవద్దని 2022 నవంబరులో టెలికాం శాఖ ఆదేశించిన మాట నిజమే. అయితే అది విమానం ఎత్తును కొలిచే పరికరానికి రక్షణగా చేసినది. మన టీవీ కోసం కాదు.

మరొకరు సూర్యుణ్ణి నిందించారు. ఆయన మాటలో కొంత శాస్త్రం ఉంది. ఏటా మార్చి, అక్టోబరు నెలల ప్రాంతంలో కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. ఆ కొద్ది నిమిషాలు సూర్యుని రేడియో తరంగాలే కేబుల్ కేంద్రపు గొడుగును నింపివేస్తాయి, బొమ్మ చెదిరిపోతుంది. కాని బొమ్మ చెదరడం వేరు, ఛానల్ మారడం వేరు.

చివరికి కేబుల్ కుర్రవాడు వచ్చాడు. పెట్టెను విప్పలేదు, తీగను చూడలేదు. "మౌలానా సాబ్, గా టైంల మోటరు ఏస్తరా?" అని అడిగాడు. వేస్తాము. ఇఫ్తార్‌కు ముందు వుజూ నీళ్ళకోసం బోరు మోటారు వేసేది ప్రతిరోజూ మేమే. మోటారు మొదలైన క్షణంలో అది ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇంట్లో వోల్టేజి ఒక్క రెప్పపాటు పడిపోతుంది. టీవీ దానిని తట్టుకొంటుంది, కాబట్టి ఆరిపోదు. ఏళ్ళ తరబడి వేడెక్కి బలహీనపడిన సెట్‌టాప్ బాక్సు అడాప్టరు మాత్రం తట్టుకోలేదు. పెట్టె ఆగి, తిరిగి మొదలవుతుంది. మొదలైనప్పుడు మనం చూస్తున్న ఛానలుకు రాదు. కేబుల్ సంస్థ నిర్ణయించిన ఛానలుకు వస్తుంది.

ఈ చివరి విషయం మాకు కొత్త. దానిని ల్యాండింగ్ ఛానల్ అంటారట. పెట్టె తెరిచిన ప్రతి ఇంటిలో మొదట కనిపించే చోటు గనుక ఛానళ్ళవారు కేబుల్ సంస్థలకు సొమ్ము చెల్లించి దానిని పొందుతారు. రేటింగులు లెక్కించే ఛానళ్ళను అక్కడ పెట్టవద్దని 2018 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. 2019 మే నెలలో టెలికాం వివాదాల ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. మన వాకిలి తెరిస్తే ముందుగా ఎవరు కనబడాలో పరాయివాడు వెలకట్టి అమ్ముకోవడం వంటిదే ఇది. వ్యాపారులు దీనికి ఏ పేరైనా పెట్టుకోనివ్వండి, మాకు రుచించలేదు.

పెట్టె పూర్తిగా మన సొత్తు కాదన్న మాట కూడా ఆ కుర్రవాడి వల్లనే తెలిసింది. హైదరాబాదు నగరానికి 2013 మార్చి 31, చివరి దశ ఊళ్ళకు 2017 మార్చి 31 గడువుగా డిజిటల్ పెట్టెలు తప్పనిసరి అయ్యాయి. అప్పటి నుంచి కేంద్రంలో కూర్చున్నవారు ఒక్క ఇంటి పెట్టెకు గాని, ఊరంతటికీ గాని తెరమీద సందేశం పంపగలరు. అప్పుడప్పుడు తెరమీద మెరిసే అంకెలను చూసి, ఎవరో మనలను కనిపెడుతున్నారని భయపడేవారున్నారు. అవి ఆ పెట్టెను గుర్తించే అంకెలు. ప్రసారాన్ని దొంగచాటుగా నకలు తీస్తే ఏ పెట్టెనుంచి తీశారో పట్టుకోవడానికి వేస్తారు. రాత్రివేళ పెట్టె కొత్త సాఫ్ట్‌వేరును దింపుకొని తానుగా ఆగి మొదలవడమూ ఉంది.

మీ ఇంట ఇటువంటిది జరిగితే వేళను కాగితం మీద వ్రాసి పెట్టండి. రోజూ ఒకే వేళ అయితే ఆ వేళకు ఇంట్లో ఏది నడుస్తున్నదో చూడండి. పెట్టెలో ఎవరైనా రిమైండర్ పెట్టారేమో, రిమోట్ మీట గాని పెట్టె ముందున్న మీట గాని నొక్కుకుపోయి ఉన్నదేమో పరీక్షించండి. రిమోట్ బ్యాటరీలు తీసివేసినా ఛానల్ మారితే రిమోట్ నిర్దోషి. అడాప్టరును ముట్టి చూడండి. కాలిపోతున్నంత వేడి ఉంటే మార్చండి. అప్పటికీ తగ్గకపోతే కేబుల్ సంస్థకు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి.

మా ఇంటికి కొత్త అడాప్టరు వచ్చింది. కాని అంతకుముందే తీర్చవలసిన బాకీ ఒకటి ఉంది. సూరహ్ హుజురాత్‌లో అనుమానాలను గూర్చిన ఆయతును ఎన్ని తరగతులకు వివరించామో లెక్కలేదు. ఆ సాయంత్రం మనవణ్ణి పిలిచి, దాదీమా ఎదుటనే, తప్పు మాదని చెప్పి మన్నించమన్నాము. వాడు కాసేపు కాలి బొటనవేలితో చాప అంచును గీకుతూ నిలబడ్డాడు. తరువాత, "మూడు రోజులు లోపలికి రానివ్వలేదు కదా, దాదా" అన్నాడు. మేము జవాబు చెప్పలేకపోయాము. అమ్మగారు వాడిని దగ్గరకు లాక్కొని ఒక ఖర్జూరం చేతిలో పెట్టారు. ఇఫ్తార్‌కు ఇంకా పావుగంట ఉంది.

ఇప్పుడు మోటారు వేసే వేళకు వాడు తలుపు దగ్గరకు వచ్చి, "పెట్టె ఆపనా, దాదా?" అని అడుగుతున్నాడు. ఆపనవసరం లేదని తెలిసినా, ఆపమనే చెబుతున్నాము.